మావయ్య జీపీఎస్

మా అమ్మకి ఒక్కడే అన్న, మా దీవిలోనే హార్బర్‌కి అవతలి ఒడ్డున హోప్ టౌన్‌లో ఉండేవాడు. సునామీకి ఆయన చేపలు పట్టే చిన్న పడవ, డింగీ, కొట్టుకుపోయింది. ఏడాది దాటాక సహాయం కింద కొత్తది ఇచ్చారు, ఇంజిన్‌తో సహా. మావయ్య దాన్ని ఒడ్డుకు కట్టేసి ఊరుకున్నాడు. భయపడ్డాడని అందరూ అనుకున్నారు. ఆయన మాత్రం రాళ్ళ గురించి చెప్పేవాడు. భూకంపానికి నేల కుంగింది కదా, అంతకుముందు సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ పైకి తేలే రాళ్ళు ఇప్పుడు ఎప్పుడూ నీళ్ళ కిందే ఉండిపోతున్నాయి, చిన్నప్పట్నించీ ఎరిగిన దారి ఇప్పుడు కొత్తదైపోయింది అనేవాడు.

అత్త పట్టుబట్టి చెన్నై నించి జీపీఎస్ తెప్పించింది. అరచేతిలో ఇమిడే యంత్రం, పడవ ఎక్కడుందో తెర మీద చూపిస్తుంది. దాన్ని పట్టుకుని మావయ్య రెండుసార్లు బయల్దేరాడు, రెండుసార్లూ హార్బర్ దాటకుండానే తిరిగొచ్చేశాడు. తెర వణుకుతోందట, వెలిగి ఆరిపోతోందట.

"వణికేది తెర కాదులే," అంది అమ్మ.

నేనప్పుడు హార్బర్‌కి ఇవతల డిగ్నాబాద్‌లో ఒక ఫ్యాన్సీ షాపు మూల బల్ల వేసుకుని ఫోన్లు బాగుచేసేదాన్ని. మావయ్య ఆ జీపీఎస్‌ని నా దగ్గరికి పంపాడు. బ్యాటరీలు పెట్టే చోట స్ప్రింగులకి చిలుము పట్టింది. అది గీకి, స్పిరిట్‌తో తుడిచి, కొత్త సెల్స్ వేశాను. సాయంత్రం దాకా తెర నిలకడగానే వెలిగింది. బాగైపోయిందని తిరిగి పంపించేశాను.

తర్వాతి ఆదివారం ఫెర్రీ ఎక్కి మావయ్యే స్వయంగా వచ్చాడు. మళ్ళీ అదే తంతు అన్నాడు. ఆన్ చేసి చూశాను. చక్కగా వెలుగుతోంది. షాపు ఓనరు హిందీలో ఏదో సరదాగా అన్నాడు. మావయ్య నవ్వలేదు.

"నువ్వూ నమ్మడం లేదేటమ్మా?" అని అడిగాడు, మెల్లగా.

ఇంకోసారి చూస్తానని ఉంచుకున్నాను. డెలానీపూర్‌లో మా ఇంటికి తీసుకెళ్ళే దారంతా అదే ఆలోచన. మావయ్య చెప్పేది నిజమే అయితే నా బల్ల దగ్గర లేనిదీ పడవలో ఉన్నదీ ఏమిటి? ఇల్లు చేరేసరికి అమ్మ కుట్టుమిషన్ తొక్కుతోంది, బల్ల మొత్తం అదురుతోంది. ఇంజిన్ నడిచేటప్పుడు పడవా ఇలాగే అదురుతుంది కదా అని తట్టింది. జీపీఎస్ ఆన్ చేసి మిషన్ బల్ల మీద పెట్టి, తొక్కమన్నాను.

తెర వణికింది. వెలుగు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. అమ్మ కాలు ఆపింది. తెర కుదురుకుంది.

"అయితే అన్నయ్య అబద్ధం ఆడలేదు," అంది అమ్మ.

మూత విప్పాను. తెర నించి లోపలి బోర్డుకి రిబ్బన్ లాంటి పల్చటి కేబుల్ ఉంటుంది. దాని కొసని వేలితో నొక్కి పట్టి, అమ్మని మళ్ళీ తొక్కమన్నాను. ఈసారి తెర కదల్లేదు. వేలు తీస్తే వణికింది. ఉప్పుగాలి తగిలి ఆ కొస మసకబారింది, అది దూరే చోటు వదులైంది. రెండూ శుభ్రం చేసి, కొస గట్టిగా తోసి, మూత దాన్ని అదిమి ఉంచేలా సైకిల్ ట్యూబు ముక్క ఒకటి మీద పెట్టి బిగించాను. అమ్మ గుడ్డ లేకుండానే మిషన్ తొక్కుతూ పోయింది. నేను చాలమన్నా ఆపలేదు.

మర్నాడు ఇద్దరం హోప్ టౌన్ వెళ్ళాం. కుట్టుమిషన్ సంగతి అమ్మే చెప్పింది. మావయ్య నవ్వాడు. కొత్త డింగీ వచ్చాక ఆయన నవ్వగా చూడడం నాకు అదే మొదలు.

"భయం లేదని నేనెప్పుడన్నాను?" అన్నాడు. "భయమూ ఉంది, తెరా వణికింది. రెండూ నిజమే."

నన్ను పడవలో కూర్చోమన్నాడు. జీపీఎస్ నా చేతికిచ్చి ఇంజిన్ తాడు లాగాడు. నేను తెర మీంచి చూపు తిప్పలేదు. హార్బర్ దాటాం, వెలుగు నిలిచే ఉంది. ఇంకొంత దూరం పోయాక ఒక చోట నీళ్ళ రంగు పలచబడింది. మావయ్య ఇంజిన్ ఆపి గెడ దింపాడు. అది రాయికి తగిలింది.

"ఇక్కడుందే," అన్నాడు, తప్పిపోయిన మేకపిల్ల దొరికినట్టు. ఈ చోటుని యంత్రంలో గుర్తు పెట్టడం ఎలాగని అడిగాడు. బటన్ చూపించాను. తనే నొక్కాడు.

దక్షిణం పక్క ఇంకో రాయి ఉండాలంటూ, నా జవాబు కోసం చూడకుండానే మళ్ళీ ఇంజిన్ తాడు లాగాడు.