అమ్మ కూర్చునే స్టూలు

నా చిన్నప్పుడు మా అమ్మకు నేనంటే ఇష్టం లేదని గట్టిగా నమ్మేదాన్ని. అప్పటికి శేరిలింగంపల్లి వైపు ఈ అద్దాల మేడలు లేవు. మాది రెండు గదుల ఇల్లు. వెనక గది మూలన, గోడ వారగా స్టూలు వేసుకుని, అమ్మ కుట్టుమిషను ముందు కూర్చునేది. చుట్టుపక్కల ఆడవాళ్ల జాకెట్లన్నీ ఆమే కుట్టేది. పొద్దున నాకు జడ వేస్తూ నవ్వుతూ కబుర్లు చెప్పే మనిషి, మధ్యాహ్నం దాటేసరికి వేరే మనిషి అయిపోయేది. గ్లాసు కింద పడినా, పాట పాడినా, ఊరికే గుమ్మంలో నిలబడినా నా వీపు మీద దెబ్బ పడేది.

అందుకే నాకు ఒక చోట కాలు నిలిచేది కాదు. వాకిట్లోకి వెళ్లేదాన్ని, మళ్లీ లోపలికి వచ్చేదాన్ని. మిషను చప్పుడు వినబడుతున్నంతసేపు పరవాలేదు. అది ఆగిందంటే గుమ్మం చాటుకు తప్పుకునేదాన్ని. ఈసారి ఏం తప్పు చేశానా అని వెతుక్కునేదాన్ని.

ఒక వేసవి సెలవుల్లో మా పెద్దనాయన, అంటే నాన్నకు అన్న, మా ఇంటి తలుపులు బాగుచేయడానికి వచ్చి నాలుగు రోజులు ఉన్నాడు. చందానగర్‌లో వడ్రంగి పని చేసేవాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. వచ్చిన రోజు సాయంత్రమే నేను దెబ్బ తినడం చూశాడు. మర్నాడు పొద్దున నన్ను పక్కకు పిలిచి చేతిలో సుద్దముక్క పెట్టాడు.

"మీ అమ్మ కూసున్నప్పుడు ఆమె తల గోడకు యాడిదాక వస్తదో సూసి గీత గియ్యి బిడ్డా. ఇప్పుడొకటి, అన్నం తిన్నంక ఒకటి, పొద్దుగూకంగ ఒకటి. సప్పుడు జెయ్యకు."

ఆట అనుకున్నాను. అయినా భయమే. అమ్మ పనిలో మునిగి ఉండగా వెనక నుంచి వెళ్లి గీత గీసి పారిపోయేదాన్ని. సాయంత్రం మూడో గీత గీసి, దానికీ మొదటి గీతకూ మధ్య జానెడు తేడా ఉండటం చూసి, కొలుద్దామని గోడ మీద చెయ్యి ఆనించాను. అమ్మ వెనక్కి తిరిగింది.

"గోడంత పాడు జేసినవ్" అంటూ చెయ్యి ఎత్తింది.

పెద్దనాయన గుమ్మంలోకి వచ్చాడు. "నేనే గియ్యమన్న. మీది గీత పొద్దుగాల నువ్వు. కింది గీత ఇప్పటి నువ్వు" అన్నాడు.

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ గీతల వైపు చూసి, అమ్మ నేల మీద కూలబడింది. "నడుము పట్టేస్తున్నది బావా. మెడ తిప్పనీకొస్తలేదు. పిల్లను ఊకె కొడుతున్న" అంది. ఆ గొంతు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. నొప్పి సంగతి నాన్నకు కూడా చెప్పలేదట. చెబితే మిషను అమ్మేద్దామంటాడని భయం. ఆ మిషను తప్ప ఆమెకంటూ ఇంకేమీ లేదు.

మర్నాడు పెద్దనాయన అమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి, చుట్టూ తిరిగి చూశాడు. ఆ స్టూలు ఆమెకు ఎత్తు ఎక్కువ. అందుకని బట్ట మీదికి వంగిపోతోంది. మూలన వెలుతురు చాలక ఇంకాస్త వంగుతోంది. నాలుగు కాళ్లనూ రెండు వేళ్ల మందం కోసేశాడు. ఎడమ పక్క నుంచి వెలుగు పడేలా మిషనును కిటికీ దగ్గరికి జరిపాడు. గిన్నేండ్ల అలవాటు, నాకు కుదరదని అమ్మ గొణిగింది. "రెండు దినాలు జూడు" అన్నాడాయన. జాకెట్టు ఒకటి పూర్తయినప్పుడల్లా లేచి, నన్ను వెంటబెట్టుకుని వాకిట్లో ఒక చుట్టు తిరిగి రావాలని కూడా చెప్పి వెళ్లాడు.

దెబ్బలు ఒక్క రోజులో ఆగలేదు. తగ్గాయి. పెళ్లిళ్ల కాలంలో పని ఎక్కువై మళ్లీ ఒకటి రెండు పడ్డాయి. కానీ ఎందుకు పడ్డాయో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. వాకిట్లో తిరిగేటప్పుడు నా చెయ్యి పట్టుకునే నడిచేది.

ఇప్పుడు నార్సింగిలో కొడుకు ఫ్లాట్‌లో ఉంటున్నాను. కోడలిది కడప. వారంలో మూడు రోజులు ఆమెకు ఇంటి నుంచే ఆఫీసు పని. మంచం మీదే ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని చేసుకునేది. పోయిన నెల ఒక సాయంత్రం, టీ కావాలా అని అడిగినందుకు నా మీద విసుక్కుంది. మనసు చివుక్కుమంది. ఏదో అనబోయి, ఆమె మెడ ఎలా ముందుకు వాలిపోయి ఉందో చూసి ఆగాను.

మర్నాడు కొడుకూ నేనూ కలిసి కిటికీ పక్కన బల్ల వేశాం. తెర కళ్లకు ఎదురుగా వచ్చేలా ల్యాప్‌టాప్ కింద లావుపాటి పుస్తకాలు పెట్టాం. విడిగా కీబోర్డు, నడుము వెనక దిండు, కాళ్లు ఆనడానికి చిన్న పీట. "ఇవన్నీ ఎందుకులే అత్తా" అంటూనే కూర్చుంది. కాసేపటికి ఆమె భుజాలు కిందికి దిగాయి.

"నిన్న ఊరికే కసురుకుంటి. ఏమనుకోవద్దత్తా" అంది.

నేనేమీ అనుకోలేదు. ఎవరైనా కరుకుగా మాట్లాడితే నొచ్చుకుని ఊరుకోవడం ఆ వేసవితోనే నాకు తగ్గిపోయింది. పొద్దుటి నుంచి ఎలా కూర్చున్నారో చూస్తాను, ఎక్కడ నొప్పిగా ఉందని అడుగుతాను. అలా అడగడం తెలియక, మా అమ్మ పక్కనే ఉండి కూడా ఆమెకు దూరంగా గడిపిన రోజులు నాకు చాలానే ఉన్నాయి.