ప్యాకింగ్ గదిలో సరోజమ్మ

గిద్దలూరులో నేను పనిచేసే ఆఫీసుకు కొత్త బీరువాలు వచ్చాయి. పొద్దున తలుపు తీయగానే వార్నిష్ వాసన గొంతులోకి దిగింది. నాకు వెంటనే సరోజమ్మ గుర్తొచ్చింది.

చదువు కాగానే నేను మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ పనిలో చేరాను. సరోజమ్మ మా సూపర్‌వైజరు. నడివయసు మనిషి, గొంతు పెంచి మాట్లాడేది కాదు. పలకల చెక్క ఫ్రేములకు మా పక్క గదిలోనే వార్నిష్ వేసేవారు. బయటి రాతి దుమ్ము సరుకు మీద పడుతుందని మా గది కిటికీలు ఎప్పుడూ మూసి ఉంచేవారు. త్రిపురాంతకం నుంచి బస్సులో వచ్చే ఈశ్వరమ్మకు మధ్యాహ్నానికల్లా తలనొప్పి, ఆగని దగ్గు. ఇల్లు చేరితే తగ్గిపోతుందని ఆమే చెప్పేది. అదే ఆమె నేరమైంది. పని ఎగ్గొట్టడానికి వేషాలని తోటివాళ్లు నవ్వారు. ఆమెను పనిలోంచి మానిపించమని ఫ్యాక్టరీ షావుకారు సరోజమ్మకు చెప్పాడు.

సరోజమ్మ మానిపించలేదు. మర్నాడు వరండాలోని తన బల్లను మోయించి ఈశ్వరమ్మ పక్కనే వేయించుకుంది.

"ఏందక్కా, మాకు కాపలానా?" అంది రమణమ్మ. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆమే.

"కాదులేమ్మా. ఈ పిల్లకు ఏమైతాందో నాకూ తెలియాల గదా."

సాయంత్రానికి సరోజమ్మ కళ్లు ఎర్రబడ్డాయి. కణతలు నొక్కుకుంటూ మా వైపు చూసింది. "నాకు తల పగిలిపోతాంది. మీకెవరికీ ఏం లేదా?" అని అడిగింది. ముందుగా రమణమ్మే తలొంచుకుని, "నాకూ అట్లనే ఉంటాదక్కా. చెప్తే పని పోతాదని..." అంది. ఆ తర్వాత ఒక్కొక్కరమే మా బాధ బయటపెట్టాం.

షావుకారును ఆమె ఆ గదిలోకే పిలిపించింది. కిటికీలు తీస్తే సరుకు పాడవుతుందని ఆయన పట్టుబట్టాడు. "పలక మీద పడిన దుమ్ము గుడ్డతో తుడుస్తాం, అన్నా. ఈ ఆడపిల్లల ఊపిరిలో చేరిన ఈ ఘాటు దేంతో తుడవాల?" అంది సరోజమ్మ. ఆయన విసురుగా వెళ్లిపోయాడు. కానీ ఆ వారంలోనే వార్నిష్ పని వెనకున్న ఖాళీ రేకుల షెడ్డుకు మారింది. మా గదికి గాలి బయటికి లాగే ఫ్యాన్లు వచ్చాయి.

అన్నీ బాగయ్యాక ఈశ్వరమ్మ రావడం మానేసింది. ఆదివారం సరోజమ్మ నన్నూ రమణమ్మనూ వెంటబెట్టుకుని త్రిపురాంతకం బస్సెక్కింది. ఈశ్వరమ్మ మమ్మల్ని చూసి గడపలోనే నిలబడిపోయింది. "అందరూ దొంగేషాలన్యారు. ఆ మాటన్నోళ్ల మధ్యకు ఏం మొగం పెట్టుకుని వచ్చేదక్కా?" అంది.

"గది బాగైందని చెప్పేకి రాలేదమ్మా నేను. నీ మాట నమ్మేకి మాకు ఇన్ని దినాలు పట్టింది. అది నీ ముందర ఒప్పుకుందామని వచ్చినా."

రమణమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. ఈశ్వరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. సోమవారం పొద్దున బస్సుకే వచ్చేసింది.

సరోజమ్మ ఇప్పుడు లేదు. నా కింద కొందరు పనిచేస్తున్నారు. ఎవరైనా వచ్చి ఒంట్లో బాగాలేదంటే "ఏం కాదులే" అనే మాట నాక్కూడా నోటిదాకా వస్తుంది. దాన్ని మింగేసి, లేచి వెళ్లి వాళ్ల పక్కన కూర్చుంటాను.