పెళ్లి మర్నాడు వెళ్లే చిన్నత్త

ఆ మధ్య ఒక మంగళవారం పొద్దున్నే, సింధనూరులో నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతుంటే రాయచూరు నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. “అక్కా, చిన్నత్త పోయింది. చాయ్ ఇద్దామని పోతే లేవలే” అన్నాడు. బస్సెక్కి కూర్చున్నాక నాకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గు ఎందుకో చెప్పాలంటే ఆమె గురించి మొదటి నుంచీ చెప్పాలి.

చిన్నత్త మా నాన్నకు ఆఖరి చెల్లెలు. శక్తినగర్‌లో కరెంటు ప్లాంటు కడుతున్న రోజుల్లో ఆమె భర్త అక్కడ సిమెంటు గోదాము చూసుకునేవాడట. పెళ్లయిన ఎనిమిది నెలలకే కామెర్లొచ్చి పోయాడు. ఇరవై రెండేళ్లకు ఆమె మా ఇంటికి తిరిగొచ్చింది. మా నాన్నది రాయచూరు బజార్లో పెళ్లి సామాను కొట్టు. ముహూర్తాల రోజులు రాగానే ఆయన, “నువ్వు ముందల కూసోకమ్మా. వచ్చెటోళ్లు ఏమన్న అనుకుంటరు” అనేవాడు. కసురుకుని కాదు, మెల్లగానే. ఆమె కొట్టు వెనక గదిలో కూర్చుని బాసికాలు కట్టేది, పసుపూ కుంకుమా పొట్లాలు చుట్టేది. ఊళ్లో ఎన్ని పెళ్లిళ్లలో ఆమె కట్టిన బాసికాలు నుదుళ్లకెక్కాయో! కొన్నవాళ్లకు మాత్రం ఆ సంగతి తెలియదు.

ఒకసారి ఏదో పని మీద వెళుతూ, కల్యాణ మండపం వెనక మోరీ కాలవలో పడేసిన సామాను చూసిందట. చింపని కుంకుమ పొట్లాలు, కట్ట విప్పని విస్తరాకులు, కొట్టని కొబ్బరికాయలు, జాకెట్టు గుడ్డలు. ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఆ తర్వాత ఎక్కడ పెళ్లి జరిగినా మర్నాడు రెండు గోనె సంచులతో వెళ్లేది. పెళ్లి రోజు మాత్రం ఆ గడప తొక్కేది కాదు. తెచ్చిన పసుపును వాసన చూసి, పురుగు పట్టినది పక్కన పెట్టేది. తలంబ్రాల్లో మిగిలిన బియ్యం జల్లించి, కడిగి, మిద్దె మీద పాత ధోవతి పరిచి ఎండబెట్టేది. ఒక పెళ్లికి సరిపడా కూడగానే మూటగట్టేది. ఆ మూటలు ఎక్కువగా శక్తినగర్ దారిలో గుడిసెలు వేసుకున్న, ప్లాంటు బూడిద మోసే లారీల కూలీల ఇళ్లకు పోయేవి. వాళ్ల ఆడపిల్లల పెళ్లిళ్లకు.

“ఎవరిచ్చిండ్రని అడిగితే కొట్టోళ్లు ఇచ్చిండ్రని చెప్పు. నా పేరు తియ్యకు” అని, మూట మోయడానికి పెట్టుకున్న ఆమెకు ప్రతిసారీ చెప్పేది.

నా పెళ్లి రాయచూరులోనే జరిగింది. పీటల మీద కూర్చున్నప్పుడు అందరూ వచ్చి అక్షింతలు వేశారు. చిన్నత్త మండపం వెనక, కూరగాయలు పెట్టిన గదిలో ఉందని నాకు తెలుసు. ‘అత్తను పిలవండి’ అని ఒక్క మాట అంటే చాలు. నాన్న కాదనేవాడు కూడా కాదేమో. నేను అనలేదు. మర్నాడు ఆమె సంచులతో వచ్చి నా పెళ్లిలో మిగిలినవి ఏరుకుంది. “నీ తలంబ్రాల బియ్యం శాన మంచిగున్నయి బిడ్డా” అంది నవ్వుతూ. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

ఆ తర్వాత రెండేళ్లకు చీర సంగతి జరిగింది. మా వీధి చివర ఒక కలిగినవాళ్ల ఇంట్లో పెళ్లికి మూడు రోజుల ముందు పెళ్లికొడుకు గుండె ఆగి పోయాడు. సామానంతా ఇంట్లో ఉండిపోయింది. పెళ్లికూతురి తల్లి చిన్నత్తను పిలిపించి, “అన్నీ తీస్కపో అక్కా, నా కండ్లకు కనపడొద్దు” అని చేతులు పట్టుకుంది. వాటిలో ఎర్రంచు పసుపుపచ్చ పట్టుచీర ఒకటి, మడతైనా విప్పనిది. ఆ వేసవిలోనే బూడిద ఎత్తే కూలీ కూతురొకామెకు పెళ్లి కుదిరింది. చిన్నత్త చీర ఆ మూటలో పెట్టింది. ఎక్కడిదని వాళ్లడిగితే, “ఒకళ్ల ఇంట్ల మిగిలింది” అని చెప్పించింది.

ఏడాది తిరగకముందే ఆ పిల్ల మొగుడు మోటారు సైకిలు మీంచి పడి చనిపోయాడు. చీర పుట్టుపూర్వోత్తరాలు ఎవరి ద్వారానో వాళ్లకు చేరాయి. ఒక మధ్యాహ్నం, బజారంతా జనంతో నిండి ఉండగా, ఆ పిల్ల అత్త మా కొట్టు ముందుకొచ్చింది. సెలవులకు వచ్చి నేనప్పుడు అక్కడే ఉన్నాను.

“నా కొడుకు పోయిండు! పీటల మీదికే రాని పెండ్లి చీర తెచ్చి కట్టబెడ్తిరి. సర్దింది గూడ మొగుడు లేనిదేనంట గదా. ఏదీ, బయటికి రమ్మను!”

చిన్నత్త వెనక గది నుంచి వచ్చింది. ముహూర్తాల రోజుల్లో ఆమె కొట్టు ముందు నిలబడడం నేను చూసింది అదొక్కసారే. “నేనే సర్దిన” అంది. ఆ తల్లి చీరను మెట్ల మీదికి విసిరికొట్టి, అక్కడే కూలబడి గుండెలు బాదుకుంది. నాన్న చీర తీసి లోపల పెట్టి, “ఇగ చాలమ్మా, బంద్ చెయ్యి” అన్నాడు. చిన్నత్త తలూపింది.

సంచులు అటకెక్కాయి. కానీ ప్రతి సోమవారం ఆమె శక్తినగర్ బస్సెక్కి, పుట్టింటికి తిరిగొచ్చిన ఆ పిల్ల గుడిసె ఎదుట కూర్చుని వచ్చేది. తలుపు తీసేవాళ్లు కాదు. నాలుగోసారి నేనూ తోడు వెళ్లాను. ఎదురుగా చిమ్నీల పొగ, రోడ్డు మీద బూడిద లారీలు. చాలాసేపటికి ఆ పిల్ల బిందెతో బయటికొచ్చింది. ఇరవై ఏళ్లు కూడా ఉండవు.

“ఎన్ని దినాలు కూసుంటవమ్మా? ఆయన తాగి బండి నడిపిండు. చీర ఏం జేసింది?” అంది.

“నీకు చెప్పకుండ ఇస్తి బిడ్డా. అది నా తప్పు.”

“చెప్పింటే గూడ కట్టుకుంటుంటి. నాకు ఇంకోటి లేకుండె.” బిందె చంకకెత్తుకుని ఆగింది. “గాని అడగాలె గదా. బీదోళ్లమైతే మమ్మల్ని అడిగేదే ఉండదా?”

తిరుగు బస్సులో చిన్నత్త జుట్టు మీద బూడిద పేరుకుని ఉంది, దులుపుకోలేదు. ఊరు దగ్గరికొచ్చాక, “నిజమే గదనే” అంది, నాతోనో తనతోనో.

కొన్నాళ్లకు సంచులు మళ్లీ కిందికి దిగాయి. నాన్న చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఈసారి మూటలు ఎవరితోనూ పంపలేదు. కావాల్సినవాళ్లను ఇంటికే రమ్మనేది. ఎదురుగా కూర్చోబెట్టి ఒక్కొక్కటే చూపించేది. “ఇది ఫలానోళ్ల పెండ్లిల మిగిలింది. ఆ పెండ్లి మంచిగ జరిగింది. ఇది జరగని పెండ్లిది. అన్నీ నేనే సర్దిన, నాకు భర్త లేడు. మీకు మనసైతేనే తీస్కపోండ్రి.” సగం మంది అది విని ఖాళీ చేతులతో లేచిపోయేవాళ్లు. కొందరు గడప దాటాక ఉమ్మేసేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. “ఎందుకత్తా ఇదంత చెప్పుడు?” అంటే, “వాళ్లకు భయముంటది, ఉండనీ. భయపడెటోళ్లకు చెప్పకుండ ఇచ్చుడు దొంగతనమే” అనేది. ఇరవై ఏళ్లకు పైగా అలాగే చేసింది. గదిలో సామాను పెరగడమే కానీ తరగడం నేను చూడలేదు.

ఆమెతో ఎన్నోసార్లు నా పెళ్లి మాట ఎత్తుదామనుకున్నాను. ‘ఆ రోజు నిన్ను పిలవలేదత్తా’ అని చెప్పాలి, అంతే. సెలవులకు వెళ్లినప్పుడల్లా పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరాను. మాట మాత్రం నోరు దాటలేదు. ఇప్పుడు చెప్పడానికి మనిషి లేదు.

దహనానికి పదిమంది కూడా రాలేదు. ఆ చీర కట్టుకున్న పిల్ల, ఇప్పుడు నడివయసు మనిషి, మా ఇంటికొచ్చి గేటు దగ్గర నిలబడింది. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపింది. శవాన్ని ఎత్తేవరకు ఉండి వెళ్లిపోయింది.

కర్మలు ముగిసిన మర్నాడు ఒక తల్లి పెళ్లి కుదిరిన కూతుర్నీ, తన చెల్లెల్నీ వెంటబెట్టుకుని వచ్చింది. చిన్నత్త రమ్మని చెప్పి ఉంచిందట. పోయిందని చెప్పాను. చిన్నత్తలాగే ఎదురుగా కూర్చోబెట్టి, ఏది ఎక్కడిదో తెలిసినంత చెప్పాను. సర్దినామె గురించి కూడా చెప్పాను. ఆ తల్లి చాలాసేపు పసుపు పొట్లాల వంక చూసింది. చెయ్యి చాపి మళ్లీ వెనక్కి తీసుకుంది.

“ఇవి వద్దులెండమ్మా. ఇస్తరాకులు ఇయ్యండ్రి, చాలు” అంది.

ఇచ్చాను. ముగ్గురూ ఆటోలో ఇరుక్కుని కూర్చున్నారు. ఒళ్లో విస్తరాకుల దొంతర పెట్టుకుని, పైఆకు గాలికి లేచిపోకుండా పెళ్లికూతురు అరచేత్తో అదిమి పట్టుకుంది. ఆటో మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి కనబడుతూనే ఉంది.