అడగనక్కర్లేకుండా రాసిన మనిషి

రికార్డు రూము అక్క పోయినట్టు మొన్ననే తెలిసింది.

అరవైల మొదట్లో గూడూరులో మా ఆఫీసు ఫైళ్లన్నీ ఆమె చేతిలో ఉండేవి. ఫైలు ఎలా తీయాలో, ఎలా తిరిగి పెట్టాలో చెప్పే నిబంధనలు గోడ మీద ఉండేవి గాని, అవి ఎవరికీ అర్థమయ్యేవి కావు. అందరూ వచ్చి ఆమెనే అడిగేవారు. భర్త పోయి, పిల్లలు లేని ఆమెతో రోజు మొత్తంలో ఎవరైనా మాట్లాడేది ఆ కాసేపే.

అయినా ఆ నిబంధనల్ని తేటగా మళ్లీ రాయడానికి ఆమే పూనుకుంది. ఒక వాక్యం రాసి నాకిచ్చి, చేతులు కట్టుకుని నిలబడేది. అది చదువుతూ నేను ఫైలు తీయాలి. నా చెయ్యి తడబడితే ఆ వాక్యం కొట్టేసేది.

"ఏంది అబ్బయ్యా, చెరువులో కొంగ మాదిరి నిలబడిపోయినావు? ఏ మాట కాడ ఆగినావు?"

'ఒకరు ఫైల్లో రాస్తున్నంతసేపు మరొకరు దాన్ని ముట్టరాదు. చదవడానికైతే ఇద్దరూ పక్కపక్కన కూర్చోవచ్చు' అన్న నిబంధన అలా కుదిరిందే.

"ఇంత వివరంగా రాస్తే ఇంక నీకాడికి ఎవరొస్తారక్కా?" అన్నాను.

"రాకపోతేనే గదా అబ్బయ్యా, సరిగ్గా రాసినట్టు."

కొత్త కాగితం గోడకెక్కాక నిజంగానే ఆమెను అడగడానికి ఎవరూ రాలేదు. ఒక మధ్యాహ్నం ఆమె బీరువాల మధ్య ఒంటరిగా అన్నం తింటుంటే చూడలేక, చివరి వాక్యం అర్థం కాలేదని అబద్ధం చెప్పి లోపలికి వెళ్లాను. ఆమె చెయ్యి కడుక్కుని నాకు స్టూలు జరిపింది. కబుర్లు చెబుతుందనుకున్నాను. కలం తీసి, ఆ వాక్యాన్ని ఇంకా తేలిక చేసి, నాకు చూపించింది.

ఇంక అడగడానికి నాకేమీ మిగల్లేదు. లేచి వచ్చేశాను.