సరాయిలో వినిపించిన నాయిన గొంతు

ముందే ఒక మాట. మా ఇంట్లో అమ్మ దిష్టి తీస్తుంటే నవ్వేదాన్ని నేను. ఎవరికో గాలి సోకిందని చెప్తే, ముందు దవాఖానకు తీసుకుపొమ్మనేదాన్ని. ఇప్పటికీ అదే చెప్తాను. దయ్యాలున్నాయని ఒప్పించడానికి ఇది రాయడం లేదు. మా నాయిన విషయంలో జరిగింది జరిగినట్టు ఒకచోట పెట్టాలనిపించింది, అంతే.

నేను రాయదుర్గంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ టీంలో పనిచేస్తాను. లింగంపల్లిలో మా ఇల్లు. ఇంట్లో అమ్మ, నాయిన, నేను.

నాయిన బస్సు డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా ఇంజను చప్పుడు మీద మాట్లాడీ మాట్లాడీ ఇంట్లో కూడా అదే గొంతు. ఫోన్ ఎత్తితే పక్క పోర్షన్ వాళ్లకు వినపడేది. ఎవరు దొరికినా మాటలు కలిపేవాడు. ఎక్కడి నుంచి వస్తున్నరు, ఎక్కడికి పోవాలె, ఎంతమంది ఉన్నరు. బస్టాండు అలవాటు.

మూడేళ్ల కిందట ఒకరోజు పొద్దున చాయ్ తాగుతూ తాగుతూ గ్లాసు వదిలేశాడు. పక్షవాతం. కుడి చెయ్యి పూర్తిగా పోయింది. కాలు మాత్రం కర్ర పట్టుకుని నడిచేంత వరకు వచ్చింది. మాట రాలేదు. మనం చెప్పేది మొత్తం అర్థమయ్యేది. టీవీలో వార్తలు చూసి ముఖం చిట్లించేవాడు. కానీ నోట్లోంచి వచ్చేది ఒక్క "ఆ" మాత్రమే. ఆకలైనా ఆ, కోపమొచ్చినా ఆ, నేను ఆఫీసుకు పోతున్నానంటే కూడా ఆ.

స్పీచ్ థెరపీకి చాలా రోజులు తిప్పాం. ఏమీ మారలేదు. అమ్మ మెల్లగా ఇద్దరి మాటలూ తనే మాట్లాడటం మొదలుపెట్టింది. "అన్నం పెట్టన్నా? ఇంక జర సేపు ఆగుతవా? సరే, ఆగు." వంటింట్లోంచి ఆ మాటలు వినబడుతుంటే నేను గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకునేదాన్ని.

డాక్టరు ఆయన్ని నలుగురిలో తిప్పమన్నాడు. అదే సమయంలో మా ఆఫీసు గ్రూపులో ఎవరో ఒక మెసేజ్ పెట్టారు. ఆదివారం పొద్దున షేక్‌పేట వైపున్న పాత సరాయిలో గైడుతో నడక. మా ఆఫీసుకు అది దగ్గరే గానీ అక్కడ అలాంటిదొకటి ఉందని తెలియదు. గైడుకు ఫోన్ చేశాను. పేరు మాధవి. ఏదో కాలేజీలో హిస్టరీ చెప్తారు. రాజమండ్రి వైపు మనిషి. మా నాయినకు మాట రాదు, కర్రతో నడుస్తాడని ముందే చెప్పాను. "నేల చదునుగానే ఉంటుందండి, తీసుకురండి, నేను చూసుకుంటాను" అన్నారు.

అట్లా మేం ముగ్గురం పోయాం.

మబ్బుగా ఉంది ఆ రోజు. ఫ్లైఓవర్ మీద బండ్ల మోత, వెనకాల అద్దాల బిల్డింగులు. వాటి మధ్య నల్లబడిపోయిన రాతి కట్టడం. పెద్ద ముంగిలి, దాని చుట్టూ రెండంతస్తుల్లో వరుసగా కమాను గదులు. ఒక పక్క గుర్రాలను, ఒంటెలను కట్టేసిన చోటు, ఇంకో పక్క చిన్న మసీదు. గోల్కొండ రాజ్యం నాటిదట. కోటకు వచ్చే బాటసారులు దిగి, తిని, పడుకుని పోయే చోటు.

మాధవి గారు అందరినీ గుర్రాల సాల వైపు తీసుకెళ్తుంటే నాయిన ఆగిపోయాడు. ఎడమ చేత్తో కింది వరుసలో ఒక గది చూపించాడు. అలసిపోయాడనుకున్నాం. ఆ గదిలో రాతి అరుగు లాంటిది ఉంటే దాని మీద కూర్చోబెట్టాం. అమ్మ పక్కనే నిలబడింది. నేను నీళ్ల సీసా కోసం బయట పెట్టిన బ్యాగు దగ్గరికి వచ్చాను.

అప్పుడు నాయిన గొంతు వినిపించింది.

అమ్మ ఫోన్లో పాత వీడియో ఏదో పెట్టిందనుకున్నాను. మా దగ్గర అలాంటివి కొన్ని ఉన్నాయి. విసుక్కుంటూ కమాను దగ్గరికి వచ్చాను. అమ్మ చేతుల్లో ఫోన్ లేదు. రెండు చేతులూ నోటి మీద పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది.

నాయిన మాట్లాడుతున్నాడు. నత్తి లేదు, తడుముకోవడం లేదు. చూపు మా వైపు లేదు. తన ఎదురుగా ఒక మనిషి నిలబడితే ముఖం ఎక్కడుంటుందో అక్కడ చూస్తున్నాడు.

"లింగంపల్లి నుంచి" అన్నాడు.

ఆగాడు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే వింటామే, అట్లా తల కొంచెం వంచి విన్నాడు.

"ముగ్గురం వచ్చినం."

మళ్లీ విన్నాడు. చిన్నగా నవ్వాడు. "ఔను, కాలు జర ఇబ్బందే."

ఈసారి చాలాసేపు విన్నాడు. ఆ తర్వాత అన్న మాట నాకు ఇప్పటికీ ఆయన గొంతులోనే వినపడుతుంది.

"లేదు లేదు, వాళ్లు ఉండరు. వాళ్లు ఇంటికి పోతరు. ఉండేది నేనొక్కన్నే." కొంచెం ఆగి, "ఇయ్యాల కాదు. ఇంక జర పనుంది" అన్నాడు.

అమ్మ ఒక్క అంగలో పోయి ఆయన భుజాలు పట్టుకుంది. "ఏమయ్యా, ఎవ్వరితోని మాట్లాడుతున్నవ్? నాతోని మాట్లాడు." నాయిన ఉలిక్కిపడి ఆమె వైపు తిరిగాడు. నోరు తెరిచాడు. "ఆ" అన్నాడు. ఇంకోసారి ప్రయత్నించాడు. ఆ ఒక్కటే వచ్చింది. ఆయన కళ్లల్లోంచి నీళ్లు కారుతుంటే నేను సీసా పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

మాధవి గారు నా వెనకే ఉన్నారు. మమ్మల్ని పిలుద్దామని వెనక్కి వచ్చారట. "మీ నాన్నగారికి మాట రాదన్నారు కదండీ?" అని అడిగారు మెల్లగా. ఆమె కూడా విన్నారన్నమాట. నాకూ అమ్మకూ కలిగిన భ్రమ కాదన్నమాట.

తర్వాత మిగతా వాళ్లకు ఆమె చెప్పిన విషయాల్లో ఒకటి విని నేను అమ్మ వైపు చూశాను. సరాయికి వచ్చిన వాళ్లను లోపలికి పంపే ముందు ఎక్కడి నుంచి వచ్చారో, ఎంతమందో, ఎన్నాళ్లుంటారో అడిగి ఉంటారని చెప్తున్నారు. ఈ మాట మాకు ముందే చెప్పారా అని పక్కకు పిలిచి అడిగాను. "లేదండి, ఇది ఎప్పుడూ చివర్లోనే చెప్తాను" అన్నారు.

ఇంటికి రాగానే డాక్టరుకు ఫోన్ చేశాను. మాట పోయిన వాళ్లకు కూడా ఒక్కోసారి పాటో, దండకమో, తిట్టో దానంతటదే వస్తుందని చెప్పాడు. ఇది పాట కాదు, ఎవరికో జవాబులు చెప్తున్నాడంటే, ఏమన్నాడో మాట మాటా మళ్లీ చెప్పమన్నాడు. మంచి గుర్తే కావొచ్చు, థెరపీ మళ్లీ మొదలుపెట్టమన్నాడు. పెట్టాం. ఏమీ రాలేదు.

ఆ తర్వాత అమ్మ నన్ను నిలవనీయలేదు. మళ్లీ అక్కడికి పోదామంటుంది. నేను రానన్నాను. ఒకరోజు కూరగాయలు కోస్తూ కోస్తూ కత్తిపీట పక్కకు జరిపి కూర్చుంది.

"ఏంది బిడ్డా నీ భయం?"

"ఆయన ఏమన్నడో ఇన్నవు కదమ్మా. ఉండేది నేనొక్కన్నే అన్నడు."

"ఇన్న."

"ఇని కూడా పోదామంటున్నవా?"

"రెండేండ్ల సంది మాట లేని ఇంట్ల ఉంటున్న" అంది అమ్మ. "నువ్వు పొద్దున పోతవు, చీకటైనంక అస్తవు. నాకు ఆయనతోని ఒక్కపారి మాట్లాడాలని ఉండదా? పెండ్లైన కాడ నుంచి ఏమే, ఇగో అనే పిలిచిండు. నా పేరు పెట్టి ఒక్కపారి పిలిస్తే సాలు."

నాయిన హాల్లో కూర్చుని అంతా వింటున్నాడు. నేను ఏదో అనబోయేలోపే కర్ర చప్పుడైంది. లేచి తలుపు దగ్గరికి పోయి, ఎడమ చేత్తో చెప్పులు ముందుకు లాక్కుంటున్నాడు. ఇంక నేను వాదించలేకపోయాను.

మరుసటి రోజు సెలవు పెట్టాను. మాధవి గారికి చెప్తే తనూ వచ్చారు. దూరంగా మసీదు దగ్గర ఉండిపోయారు. ముంగిలిలో ఇంకెవ్వరూ లేరు. మేం దారి చూపకముందే నాయిన నేరుగా అదే గదికి నడిచాడు. అరుగు మీద కూర్చుని, పక్కన చెయ్యి పెట్టి అమ్మను కూర్చోమని సైగ చేశాడు. నేను ఫోన్లో రికార్డింగ్ పెట్టి అరుగు మీద ఉంచబోయాను. అమ్మ ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.

"ఒద్దు బిడ్డా. నువ్వు జర బయటుండు."

బయట నిలబడ్డాను. కాసేపు ఫ్లైఓవర్ మోత తప్ప ఏమీ లేదు. తర్వాత లోపలి నుంచి నాయిన గొంతు, చాలా మెల్లగా. ఆయన అంత మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. మధ్యలో అమ్మ గొంతు. మళ్లీ ఆయనది. మాటలు అర్థం కాలేదు. ఒక్కటి మాత్రం తెలిసింది.

"యాదమ్మా."

అది మా అమ్మ పేరు.

వాళ్లు బయటికి వచ్చేసరికి నాయిన ఎప్పటిలాగే ఉన్నాడు. నన్ను చూసి "ఆ" అన్నాడు. అమ్మ కళ్లు పొడిగా ఉన్నాయి. ఏం మాట్లాడిండని ఆటోలో అడిగాను, ఇంట్లో అడిగాను. చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి ఆమె మారింది. ఆయన బదులు మాట్లాడటం మానేసింది. పక్కన ఊరికే కూర్చునేది. ఆయనకిష్టమైన జొన్నరొట్టె, పచ్చిపులుసు రోజూ చేసి పెట్టేది. అప్పుల లెక్కో ఆస్తి సంగతో చెప్పి ఉంటాడని నేను సర్దిచెప్పుకున్నాను.

కొన్ని వారాలు గడిచాయి. ఒకరోజు పొద్దున నేను ఆఫీసుకు తయారవుతుంటే అమ్మ వచ్చింది. "ఇయ్యాల పోకు" అంది. రిలీజ్ ఉంది, పోకపోతే కుదరదన్నాను. "పోకన్న కదా, ఉండు" అంది. ఆ గొంతు విని బ్యాగు కింద పెట్టేశాను.

కాసేపటికి శంకర్‌పల్లి నుంచి మా బాబాయి దిగాడు. "వదిన నిన్ననే ఫోన్ చేసి రమ్మంది. ఏంది సంగతి?" అని నన్నే అడిగాడు. నాకేం తెలుసు? నాయిన తమ్ముణ్ణి చూసి సంతోషపడ్డాడు. ఎడమ చేత్తో అతని చెయ్యి చాలాసేపు పట్టుకున్నాడు. అందరం కలిసి తిన్నాం. తిన్నాక నాయిన బాల్కనీ పక్కన కుర్చీలో కునుకు తీశాడు. అమ్మ ఆయన కాళ్ల దగ్గర కింద కూర్చుంది.

సాయంత్రం చాయ్ తీసుకుని పోయిన నేను ఆయన్ని లేపబోతే, అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "పోయిండు బిడ్డా" అంది.

గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. అలాంటి మనిషికి అట్లా జరగడంలో వింత లేదన్నాడు. నిజమే, లేదు.

దినాలన్నీ అయిపోయి చుట్టాలు పోయాక అమ్మను కూర్చోబెట్టి అడిగాను. ఈసారి దాచలేదు.

"ఆ దినమే చెప్పిండు. ఎప్పుడు పోతడో చెప్పిండు. నీకు చెప్పొద్దన్నడు, పరేషాన్ అయితవని."

"ఆయనకెవరు చెప్పిండ్రమ్మా?"

"అది నేనడగలే" అంది. "ఆయన మాట్లాడుతుంటే అదే ఇనుకుంట కూసున్న."

నేను తిరగేసి తిరగేసి ఆలోచించాను. మెదడులో దెబ్బతినని ఏదో మూల నుంచి ఆ మాటలు వచ్చి ఉండొచ్చు. బస్టాండులో వేలసార్లు అడిగిన ప్రశ్నలకు తనే జవాబులు చెప్పుకుని ఉండొచ్చు. తన ఒంటి సంగతి తనకు ముందే తెలిసి ఉండొచ్చు. కానీ ఇంట్లో రాని మాట, దవాఖానలో రాని మాట, ఆ ఒక్క గదిలో రెండుసార్లు ఎందుకు వచ్చింది? రోజు ఎట్లా చెప్పగలిగాడు? మాధవి గారికి ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్ చేస్తాను. ఆ గది ముందు ఇప్పుడు జనాన్ని ఆపడం లేదని చెప్పారు.

మొన్న అమ్మ నన్ను ఇంకోసారి అక్కడికి తీసుకుపొమ్మంది. నేను కాదనలేదు. ఆమె ఒక్కతే లోపలికి పోయి అరుగు మీద కూర్చుంది. నేను కమాను బయట, ఆమె కనపడేంత దూరంలో ఉన్నాను. చీర కొంగు ఒళ్లో సర్దుకుని, ఎవరో వస్తారన్నట్టు వాకిలి వైపే చూస్తూ కూర్చుంది. ఎండ ముంగిలి దాటి గదిలోకి వచ్చేదాకా కూర్చుంది. చివరికి గోడ పట్టుకుని లేచి బయటికి వచ్చింది.

"పద బిడ్డా" అంది. "నన్నెవ్వరు ఏమడగలే."