విజిట్ రోజు అంటించిన ఎలాస్టిక్

1986 చలికాలంలో మా కలకత్తా ఆఫీసు నన్ను ఒక దావా పని మీద జంషెడ్‌పూర్ పంపింది. నేను పేటెంట్ ఏజెంటుని. కొత్త వస్తువు మీద ఎవరికి ఎంత హక్కుందో తేల్చే కాగితాలు రాయడం నా వృత్తి. ఈసారి వస్తువు, పసిపిల్లలకు కట్టి పారేసే డైపరు. నవ్వకండి, కొన్ని కుటుంబాల పొయ్యి దాని మీదే వెలిగేది.

ఇచ్ఛాపురం నుంచి వచ్చి స్థిరపడిన బెహరా గారు ఆ ఊరి పక్కనే ఉన్న ఆదిత్యపూర్‌లో ఒక షెడ్డు పెట్టి, ఆస్పత్రుల కోసం వాటిని చేయించేవారు. తొడ దగ్గర పట్టి ఉంచే ఎలాస్టిక్ తమ ఆవిష్కరణేనని కలకత్తా కంపెనీ ఒకటి కోర్టుకెక్కింది. మేం బెహరా గారి తరఫు. పేటెంటులో హక్కు కోరే వాక్యాన్ని క్లెయిమ్ అంటారు. అందులో ఒక్క మాట ఎదుటివాళ్ళ వస్తువుకు సరిపోకపోయినా ఆ హక్కు దానికి వర్తించదు. వాళ్ళ క్లెయిమ్ ప్రకారం ఎలాస్టిక్‌ను సాగదీసి, ఈ కొస నుంచి ఆ కొస దాకా అంటించాలి. మన షెడ్డులో ఆడవాళ్ళు రెండు కొసలూ వేళ్ళతో పట్టుకుని సాగదీసేవారు కనుక అక్కడ గమ్ము తగిలేది కాదు. మా వాదనంతా ఆ వదులు కొసల మీదే నిలిచింది. ఓడితే షెడ్డుకు తాళమే.

పని కళ్ళారా చూసి రమ్మని కోర్టు ఒక వకీలును కమిషనరుగా వేసింది. ఆయన వెంట నేనూ, అవతలి కంపెనీ ఇంజనీరు ఘోష్ గారూ వెళ్ళాం. తీరా చూస్తే నేల కడిగి, గుమ్మానికి సున్నం కొట్టి ఉంది. బల్ల మీద ప్రతి ఎలాస్టిక్‌నూ గుండుసూదులతో బిగించి, కొసల దాకా శుభ్రంగా గమ్ము పట్టించారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ ఊళ్ళో పెద్దలు చూడటానికొచ్చే విజిట్ అంటే ఎక్కడైనా ఇదే తంతు, కడగడం, సున్నం కొట్టడం. రోజూ చేసేది ఇలా కాదని నేను నోరు విప్పితే కట్టుకథ అంటారు.

రోజూ ఇలాగే చేస్తారా అని హిందీలో అడిగింది ఘోష్ గారే. పని చూసే అప్పలనరసమ్మ ఇలా చెయ్యమని ఆయనకు హిందీలోనే చెప్పి, నా వైపు తిరిగింది.

"రోజూ ఇలా సూదులెట్టుకు కూకుంటే పనవుద్దేటి బాబూ? పెద్దోళ్ళు వత్తన్నారని నీటుగా సేసినాం."

ఘోష్ గారు ఒకప్పుడు ఉక్కు కర్మాగారంలో పనిచేసిన మనిషి. విజిట్ సున్నం ఆయనకు కొత్త కాదు. ఆమె నోటిమాట ఒక్కటే కోర్టులో నిలవదు, ఊరుకుంటే ఆయన పక్షం గెలిచినట్టే. ఊరుకోలేదు. ఆస్పత్రికి వెళ్ళడానికి అంతకుముందే కట్టి ఉంచిన పెట్టెలు విప్పించమని కమిషనరును కోరారు. విప్పితే అన్నిటా కొసలు వదులుగానే ఉన్నాయి. కమిషనరు రెండు రకాలూ నమోదు చేశారు. నివేదిక మీద మొదటి సంతకం ఘోష్ గారిదే. కొన్నాళ్ళకు ఆ కంపెనీ దావా వెనక్కి తీసుకుంది.

టాటానగర్ స్టేషన్‌లో ఆయనకు చేతులెత్తి దండం పెట్టాను. చూసింది చూసినట్టు చెప్పడానికి దండమెందుకని ఆయన విసుక్కున్నారు. విసుక్కుంటే విసుక్కోనీ, ఆ మనిషికి నేను ఇప్పటికీ రుణపడే ఉన్నాను.

తరవాత రిటైరయ్యే దాకా ఏ ఫ్యాక్టరీ తనిఖీకి వెళ్ళినా నడుస్తున్న పని దగ్గరికి ముందుగా పోలేదు. నిన్నటి సరుకు ఎక్కడుందని అడిగేవాణ్ణి.