అందరూ రాయగల ఫైలు

సర్వర్ మొరాయించిందన్న కబురు నాకు మొదట తెచ్చింది కింద రిసెప్షన్‌లో కూర్చునే అక్క. పంజాగుట్టలోని ఆ డయాలసిస్ సెంటర్‌లో నేను కంప్యూటర్లు చూసుకునే పనికి చేరి అప్పటికి రెండు నెలలు.

"చెల్లె, గా తెర మళ్ల బిగుసుకపోయింది. పేషెంట్లు మస్తుమంది నిలబడ్డరు. జర చూడు" అంది, మెట్లెక్కిన ఆయాసంతో.

రోగుల ఇళ్లవాళ్లు ఫోన్లోనే వంతు చూసుకునే ఏర్పాటు ఆ వారమే పెట్టాం. దాంతో డేటాబేస్‌ను ఒకేసారి తెరిచేవాళ్లు పెరిగి, పరిమితి దాటిపోతోంది. ఆ డేటాబేస్ మా లైనక్స్ సర్వర్‌లో ఒక కంటైనర్‌లో, అంటే దానికంటూ విడిగా కట్టిన గదిలాంటి చోట నడుస్తుంది. పరిమితి పెంచుతూ ముందురోజే ఒక సెట్టింగుల ఫైలు రాసి, ఆ కంటైనర్‌కు అందేలా పెట్టి, మళ్లీ స్టార్ట్ చేశాను. అయినా పాత పరిమితే.

మేనేజర్ గారు పైకొచ్చారు. "ఇంట్లనే చదువుకున్న అంటే, సరే చూద్దామని తీసుకున్న. పన్నెండుకల్లా కాకుంటే అమీర్‌పేటల కోర్సు చేసినోణ్ని పెట్టుకుంట. నాకు ఫికర్ ఉండది."

"సరేనండి" అన్నాను. కళ్లు మూసుకుని స్వామిని తలుచుకున్నాను.

తర్వాత కంటైనర్ లాగ్, అంటే లోపల జరిగినవన్నీ రాసుకునే చిట్టా తెరిచి, అది స్టార్టయిన క్షణం నుంచి వరసగా చదివాను. మొదట్లోనే ఉంది. ఈ ఫైల్లో ఎవరైనా రాయవచ్చు కాబట్టి దీన్ని పట్టించుకోవడం లేదని డేటాబేస్ చెప్పింది.

తప్పు నాదే. నేను అమీర్‌పేట జిరాక్స్ షాపుల్లో అమ్మే కోచింగ్ నోట్సు చదివి నేర్చుకున్నదాన్ని. ఫైలు తెరుచుకోకపోతే 777 కొట్టు, అంటే అందరికీ అన్ని హక్కులూ ఇచ్చెయ్ అని వాటిలో ఉంటుంది. అలవాటుగా అదే కొట్టాను.

644గా మార్చాను. రాసే హక్కు ఒక్కరికే, మిగతావాళ్లు చదువుకోవచ్చు. మళ్లీ స్టార్ట్ చేసి, పరిమితి ఎంతని డేటాబేస్‌నే అడిగాను. నేను రాసిన అయిదువందలే చూపించింది.

కింద నుంచి అక్క కేక. "నడుస్తుంది చెల్లె! లైను కదిలింది!"

మేనేజర్ గారు వంగి నా తెర మీద ఆ అంకె చూశారు. "అయితే ఇంక ఎవర్నీ పిలుసుడు లేదు. గిదంత నీకు ఎవరు నేర్పిన్రమ్మా?"

"మా వదినండి" అన్నాను, తలెత్తే.

గర్వమే, దాచుకోను. జబ్బు వల్ల బడి ముఖమే చూడని నాకు, శ్రీనగర్ కాలనీలో రెండిళ్ల వంట చేసొచ్చి అక్షరాలు దిద్దించింది ఆమె. ఆ నోట్సులూ ఆమే మోసుకొచ్చింది. నాకు ఉద్యోగం వచ్చేనాటికి ఆమె లేదు. ఇది చదివిన మీరు, ఇంట్లో దీపం పెట్టేటప్పుడు ఒక్కసారి మా వదినను తలుచుకోండి.